నలుగురిలో నోరు పెగలదెందుకు?

నాణేలు సేకరించేవాళ్లంతా ఒకచోట చేరారనుకోండి. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఒక బడిగది. ముప్పై మంది వచ్చారు. బల్లమీద చిల్లు కాణీలు, బేడలు, పావలాలు పరిచి ఉన్నాయి. ఎవరో లేచి హైదరాబాదు టంకశాల గుర్తు గురించి చెబుతున్నారు. మరొకరు అడ్డుతగిలి నోయిడా గుర్తు గురించి చెబుతున్నారు. గంట గడిచింది. అంతసేపూ మాట్లాడినవాళ్లను లెక్కపెట్టండి. నలుగురో అయిదుగురో తేలతారు. మిగతా పాతికమందీ వచ్చారు, విన్నారు, వెళ్లారు.

వాళ్లకేమీ తెలియదా? తెలియదనడానికి లేదు. వారిలో ఒకరి జేబులో బల్లమీద లేని నాణెమే ఉండవచ్చు. ఆసక్తి లేదా? ఆసక్తి లేనివాళ్లు ఆదివారం పూట సైకిలు తొక్కుకుంటూ ఊళ్లు దాటి రారు కదా! మరి నోరెందుకు విప్పరు?

ఇది నాణేల సంఘాలకు మాత్రమే ఉన్న జబ్బు కాదు. మీ తరగతి గదిలోనూ ఉంది. ఉపాధ్యాయుడు ప్రశ్న వేయగానే లేచే చేతులు ఎప్పుడూ ఆ నాలుగే. ఈ మౌనం వెనుక ఉన్న కారణాలను శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి వెతికారు. వాళ్లు కనుగొన్నవేమిటో చూద్దాం.

నాలుక పిడచకట్టడం

పదిమంది మన వైపు చూడగానే మన శరీరం దాన్ని ఒక ఆపదగా లెక్కవేస్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. అరచేతులు చెమర్చుతాయి. నోటిలో లాలాజలం తగ్గిపోతుంది. నాలుక పిడచకట్టుకుపోవడమంటే ఇదే. పాము ఎదురైతే పరుగెత్తడానికి పనికివచ్చే ఏర్పాటిది. కాని నాణెం గురించి నాలుగు మాటలు చెప్పవలసిన సమయంలో ఇదే అడ్డుగోడ అవుతుంది.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. ఇదే ఏర్పాటు కొందరిని హుషారుగా మాట్లాడిస్తుంది కూడా! ఒకే మందు ఒకరికి అమృతం, ఇంకొకరికి విషం ఎట్లా అయింది?

బొద్దింకలు చెప్పిన జవాబు

1969లో రాబర్ట్ జాయంక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి ఒక వింత ప్రయోగం చేశాడు. బొద్దింకలకు వెలుతురు గిట్టదని మీకు తెలుసు. దీపం వేస్తే చీకటి మూలకు పరుగు తీస్తాయి. ఆయన వాటికి రెండు రకాల దారులు కట్టాడు. ఒకటి తిన్నగా పోయే దారి. రెండోది మలుపు తిరిగితే తప్ప చీకటి దొరకని చిక్కుదారి. ఆ దారుల పక్కన పారదర్శకమైన పెట్టెల్లో మరికొన్ని బొద్దింకలను ప్రేక్షకులుగా కూర్చోబెట్టాడు.

ఏం జరిగిందంటారా? తిన్నని దారిలో, ప్రేక్షకులున్నప్పుడు బొద్దింక మరింత వేగంగా పరుగెత్తింది. చిక్కుదారిలో, ప్రేక్షకులున్నప్పుడు దానికి మరింత ఎక్కువ సమయం పట్టింది.

దీని సారాంశమేమిటి? బాగా అలవాటైన పనిని నలుగురి సమక్షం చురుకుచేస్తుంది. కొత్త పనిని నలుగురి సమక్షం తడబెడుతుంది. నాణేల గోష్ఠిలో పాతకాపుకు మాట్లాడటం తిన్నని దారి. నిన్నగాక మొన్న చేరినవాడికి అదే చిక్కుదారి. పాతకాపు మాట్లాడినకొద్దీ అతని దారి ఇంకా తిన్ననవుతుంది. కొత్తవాడు ఊరుకున్నకొద్దీ అతని దారి చిక్కుగానే మిగిలిపోతుంది. మాట్లాడేవాళ్లే మళ్లీ మళ్లీ మాట్లాడటానికి కారణం ఇందులోనే ఉంది.

పొగ నిండిన గది

రెండో కారణం ఇంకా తమాషాగా ఉంటుంది. 1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ప్రశ్నపత్రాలు నింపమన్నారు. కాసేపటికి గోడలోని సందు గుండా గదిలోకి పొగ రాసాగింది. ఒంటరిగా ఉన్న విద్యార్థులలో నూటికి 75 మంది లేచి బయటికి వెళ్లి సంగతి చెప్పారు. అదే గదిలో, ఏమీ పట్టనట్టు రాసుకుంటూ ఉండమని ముందే చెప్పి ఇద్దరిని పక్కన కూర్చోబెట్టినప్పుడు, లేచి చెప్పినవాళ్లు నూటికి 10 మందే! కళ్లు మండుతున్నా, దగ్గు వస్తున్నా మిగతావాళ్లు అలాగే కూర్చున్నారు.

ఎందుకు? 'వాళ్లు నిబ్బరంగా ఉన్నారు కాబట్టి ప్రమాదమేమీ లేదేమో' అనుకున్నారు. ఎదుటివాడి ముఖం చూసి ఎదుటివాడి మనసును అంచనా కట్టారు. నాణేల గోష్ఠిలోనూ ఇదే జరుగుతుంది. 'పోటీన్' అనే మాట వినబడింది. అది రాగి, తగరం, సీసం వంటివి కలిసిన ఒక మిశ్రలోహమని మీకు తెలియదు. చుట్టూ చూశారు. ఎవరూ అడగటం లేదు. అందరికీ తెలిసే ఉంటుందనుకున్నారు. మీ నిబ్బరమైన ముఖం చూసి పక్కవాడు కూడా సరిగ్గా అలాగే అనుకున్నాడు! ఇట్లా పాతికమంది ఒకరినొకరు చూసుకుని, ఒకే ప్రశ్నను గొంతులోనే దాచుకుని ఇళ్లకు వెళ్లిపోతారు.

రథం తాడు

అంతర్వేది తీర్థంలో లక్ష్మీనరసింహస్వామి రథం తాడు పట్టుకున్నవాళ్లను చూశారా? వందల చేతులు ఆ తాడుమీద ఉంటాయి. అందరూ ఒకే బలంతో లాగుతున్నారంటారా?

మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు ఈ సంగతిని కొలిచి చూసి, ఫలితాలను 1913లో ప్రచురించాడు. ఒక్కడే లాగినప్పటి బలాన్ని 100 అనుకుంటే, ఎనిమిదిమంది కలిసినప్పుడు ఒక్కొక్కరి వంతుకు సుమారు 49 మాత్రమే వచ్చింది. అందరూ ఒకే క్షణంలో లాగకపోవడం వల్ల కొంత బలం వృథా అయి ఉండవచ్చు. కాని సంగతంతా అదే కాదు. 1979లో లటానే బృందం విద్యార్థుల కళ్లకు గంతలు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి కేకలు వేయించింది. నిజానికి ఒక్కడే అరుస్తున్నా, తనతో మరో అయిదుగురు అరుస్తున్నారని నమ్మినప్పుడు అతని కేక ఒంటరి కేకలో 74 శాతానికి తగ్గింది. అక్కడ కుదరకపోవడానికి ఇంకొకరు లేనే లేరు. తగ్గింది అతని ప్రయత్నమే.

'నేను చెప్పకపోతే ఏం, ఇంకెవరో చెబుతారులే' అనుకోవడం ఈ కోవలోనిదే. గుంపు పెరిగినకొద్దీ ఈ భావం కూడా పెరుగుతుంది.

మౌనమంతా భయం కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఊరుకున్నవాడల్లా పిరికివాడు కాడు. కొందరికి వినడమే ఇష్టం. సంగీత కచేరీకి వెళ్లినవాళ్లందరూ పాడరు కదా! విద్య నేర్చేవాడు మొదట అంచున కూర్చుని చూస్తాడు. పడవ కట్టే వడ్రంగి దగ్గర చేరిన కుర్రవాడు మొదటిరోజే బాడిస పట్టుకోడు. అతను చూస్తూ నేర్చుకుంటున్నాడు.

నాణేల వాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. తన ఇంట్లో విలువైన నాణేలున్నాయని నలుగురిలో చెప్పుకుంటే దొంగల భయం. చూపించాక అది నకిలీ అని ఎవరైనా తేలిస్తే చిన్నతనం. మెరుస్తుందని చింతపండుతో తోమితే అనుభవజ్ఞులు కోప్పడతారేమో అనే బెరుకు. ఈ చివరి విషయంలో వాళ్లు కోప్పడటంలో న్యాయం లేకపోలేదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీద ఏర్పడిన పాతపొరను కరిగించివేస్తుంది. ఆ పొరతోపాటు సన్నని గీతలూ, నాణెం వయసుకు సాక్ష్యమూ పోతాయి. కాని కోప్పడితే కొత్తవాడు మళ్లీ నోరెత్తడు. నెమ్మదిగా చెబితే, వచ్చేసారి తోమకుండా తెస్తాడు.

మౌనం వల్ల పోయేదేమిటి?

వినడం తప్పు కాకపోతే ఇంత చర్చ ఎందుకంటారా? ఈ కథ వినండి.

మన కోనసీమను కట్టిన గోదావరే ఎగువన తెలంగాణలో కోటిలింగాల అనే ఊరి పక్కనుంచి వస్తుంది. అది ఆనాటి కరీంనగర్ జిల్లా, నేటి జగిత్యాల జిల్లా. అక్కడి మట్టిదిబ్బల మీద పాత నాణేలు దొరికేవి. ఆ ప్రాంతానికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ వాటిని సేకరించి, పురావస్తు శాఖలో పనిచేస్తున్న శాసన పండితుడు డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రికి అందజేశారు. ఆ నాణేల మీద గోభద, సమగోప వంటి రాజుల పేర్లు బయటపడ్డాయి. శాతవాహనులకు ముందు ఆ నేలను ఏలినవారు వీరేనని పండితులు గుర్తించారు. శాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు చెప్పే సిముకుడి పేరుతో ఉన్న నాణేలు కూడా అక్కడ లభించాయి. 1979 నుంచి పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ఆ నాణేలు డబ్బాలో పడి ఉంటే, 'నాకెందుకులే' అని ఆయన ఊరుకుని ఉంటే, చరిత్ర పుస్తకంలో ఆ పేజీ ఎప్పటికి చేరేదో!

నాణెం కంటే అది దొరికిన చోటు ముఖ్యం. వేంగీ చాళుక్యరాజులు శక్తివర్మ, రాజరాజనరేంద్రుల బంగారు నాణేలు సముద్రం ఆవల, బర్మా తీరాన ఉన్న చెదుబా అనే దీవిలో దొరికాయి. దొరికిన చోటు తెలిసింది కనుకనే మన తీరానికీ ఆ తీరానికీ ఉన్న సంబంధం తెలిసింది. అదే నాణెం, ఎక్కడ దొరికిందో తెలియకుండా సంతలో అమ్ముడుపోయి ఉంటే అది ఉత్త బంగారపు బిళ్ల. ఆ చోటు తెలిసినది ఎవరికి? తరచు ఒకే ఒక్క మనిషికి. కొబ్బరితోటలో బోదె తవ్వుతున్న రైతుకో, పక్కన నిలబడ్డ మీకో. ఆ మనిషి మౌనంగా ఉంటే ఆ సంగతి చెప్పగలిగినవాళ్లు లోకంలో ఇంకెవ్వరూ లేరు. ఇక్కడ 'ఇంకెవరో చెబుతారులే' అనే మాట పనికిరాదు. పైగా, భూమిలో దాగి ఉండి బయటపడిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది.

మాట పెగలాలంటే

పెద్దలు చేయవలసింది కొంత ఉంది. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త తరగతి గదులలోని సంభాషణలను రికార్డు చేసి పరిశీలించి, 1974లో ఆ ఫలితాలు ప్రకటించింది. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఆగేది ఒక సెకను మాత్రమే! దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి. అంతవరకు నోరెత్తని పిల్లలూ మాట్లాడసాగారు. మూడు సెకన్లంటే ఎంత? నెమ్మదిగా మూడు అంకెలు లెక్కపెట్టేంత.

స్నేహితులు చేయవలసింది కూడా ఉంది. 1950లలో సాలమన్ ఆష్ అనే శాస్త్రజ్ఞుడు కొన్ని గీతలు చూపించి, ఏవి సమానమో చెప్పమన్నాడు. గుంపంతా కావాలని తప్పు చెబితే, కళ్లెదుట కనబడుతున్నా చాలామంది ఒక్కసారైనా గుంపుతో కలిసి తప్పే చెప్పారు. కాని ఆ గుంపులో ఒక్కరు నిజం పలికితే చాలు, అలా లొంగిపోవడం సుమారు నాలుగో వంతుకు పడిపోయింది. కనుక మీ పక్కవాడు తడబడుతూ మొదలుపెడితే, 'అవును, నాకూ ఆ అనుమానమే వచ్చింది' అనండి. ఆ ఒక్క మాటకు ఎంత బలముందో చూశారుగా!

ఇక మౌనంగా ఉన్న మిత్రులారా, మీకొక ఉపాయం. అభిప్రాయం చెప్పడానికి ధైర్యం కావాలి. కొలత చెప్పడానికి అంత అవసరం లేదు. బడిలోని త్రాసు తీసుకోండి. నాణెం బరువు ఎన్ని గ్రాములో చూడండి. దారానికి కట్టి నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూచండి. ఆ రెంటి తేడాతో మొదటి బరువును భాగిస్తే, నీటితో పోల్చినప్పుడు అది ఎన్ని రెట్లు బరువైనదో తెలుస్తుంది. రాగికి సుమారు 8.9, వెండికి 10.5, సీసానికి 11.3 వస్తుంది. అయస్కాంతం దగ్గర పెట్టండి. 1992 నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి అంటుకుంటుంది. 1980లలోని రాగి నికెల్ రూపాయి అంటుకోదు. సంవత్సరం కింద గుర్తు చూడండి. చుక్క ఉంటే నోయిడా, నక్షత్రముంటే హైదరాబాదు, వజ్రం ఆకారముంటే ముంబయి, ఏదీ లేకపోతే కోల్‌కతా.

ఇవన్నీ ఒక చీటీమీద రాసుకోండి: ఎక్కడ దొరికింది, బరువెంత, వెడల్పెంత, గుర్తులేమిటి? తర్వాతి గోష్ఠికి ఆ చీటీతో వెళ్లండి. మొదట ఒక్కరికే చూపించండి. ఆ తర్వాత ఇద్దరికి. బొద్దింక చిక్కుదారి కూడా నడవగా నడవగా తిన్నని దారే అవుతుంది. మీరు చదివిన ఆ నాలుగు ముక్కలలో బల్లచుట్టూ ఉన్న ఎవరికీ తెలియని ముక్క ఒకటి తప్పకుండా ఉంటుంది. అది మీ నాణెం మీకు దొరికిన చోటు.