పక్క గదిలో డోలు మోత

మా ముక్త్యాలలో కృష్ణ ఒడ్డున కూర్చుంటే, ఊళ్లో పెళ్లి ఊరేగింపు సాగుతున్నప్పుడు సన్నాయి సరిగా వినబడకపోయినా డోలు మోత చెవిన పడుతుంది. ఎందుకు? డోలు మోతలో తక్కువ పౌనఃపున్యం గల ధ్వని ఎక్కువ. 50 హెర్ట్జుల ధ్వనికి తరంగదైర్ఘ్యం సుమారు 7 మీటర్లు. 5,000 హెర్ట్జుల ధ్వనికి 7 సెంటీమీటర్లే. పొడవాటి తరంగాలు గోడల మూలలు తిరిగి సులువుగా సాగిపోతాయి.

అటువంటి ధ్వనిని గట్టిగా వినిపించాలంటే చాలా గాలిని కదిలించాలి. చిన్న స్పీకరు చాలదు. అందుకే పెద్ద శంకువు గల సబ్‌వూఫరు వచ్చింది.

ముందు గదిలోని స్టీరియోకు పక్క గదిలో మరో జత స్పీకర్లు కలిపారనుకోండి. అక్కడ సబ్‌వూఫరు కూడా కావాలి. ఆ స్పీకరు తీగలకే తగిలిస్తే సరిపోదా అంటారా? ఆగండి! 8 ఓంల స్పీకరుకు 8 ఓంల వూఫరును సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం 4 ఓంలకు పడిపోతుంది. అదే వోల్టేజికి విద్యుత్ ప్రవాహం రెట్టింపవుతుంది. తట్టుకోలేని యాంప్లిఫయరు వేడెక్కి కాలిపోవచ్చు.

మరి ఉపాయం? సొంత యాంప్లిఫయరు గల సబ్‌వూఫరు. స్పీకరు తీగలు తగిలించే టెర్మినళ్లు దానికి ఉండాలి. వాటి దగ్గర నిరోధం చాలా ఎక్కువ. 1,000 ఓంలే అనుకున్నా, 8 ఓంలతో సమాంతరంగా కలిపితే ఫలితం సుమారు 7.94 ఓంలు! అంటే స్టీరియోపై బరువు దాదాపు పెరగలేదు. వూఫరుకు కావలసిన శక్తి గోడ ప్లగ్గు నుంచి వస్తుంది.

చూశారా, యాంప్లిఫయరును కాల్చగల సూత్రమే దాన్ని కాపాడింది కూడా! తీగలు కలిపేముందు అన్ని ప్లగ్గులూ తీసివేయండి. 10,000 ఓంలైతే ఫలితమెంతో మీరే లెక్కకట్టండి.