గూటి తలుపు ఎవరు వేస్తారు?

మా పెరట్లోకి మొదటిసారి మూడు పెట్టలు వచ్చినప్పుడు అమ్మ ఫోన్లో ఒకటే నవ్వు. "ఇంగ్లండ్ వెళ్లి కోళ్లు పెంచుతున్నావటే! అక్కడ గుడ్లు దొరకవా?" దొరుకుతాయి. పైగా గూడు, మేత ఖర్చు లెక్కేస్తే షాపులో కొనడమే చవక. కానీ వెచ్చటి గుడ్డు చేతిలోకి తీసుకున్నప్పుడు పిల్లల మొహాలు చూడాలి!

మీరూ అనుకుంటుంటే ముందు రెండు రూల్స్ తెలుసుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2024 అక్టోబర్ 1 నుంచి ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయాల్సిందే. బర్డ్ ఫ్లూ వస్తే మనకి కబురు అందాలి కదా. అప్పుడు కోళ్లని బయటికి వదలొద్దంటారు, అందుకే పైకప్పున్న జాగా ముందే కట్టుకోండి.

రెండోది విని నేనే నమ్మలేదు. వంటింట్లో మిగిలిన అన్నం, కూరగాయ తొక్కలు కోళ్లకి వేయడం ఇక్కడ నేరం! పాలు, నెయ్యి కూడా ముట్టని వీగన్ ఇళ్లకే మినహాయింపు. మన ఊళ్లో కంచంలో మిగిలిన మెతుకులన్నీ కోళ్లకే కదా. ఇక్కడ లేయర్స్ పెల్లెట్లు కొనాలి, కోడికి రోజుకి సుమారు 120 గ్రాములు. పెరట్లో కాసిన క్యాబేజీ ఆకులు మాత్రం ఇంట్లోకి తేకుండా నేరుగా వేయొచ్చు.

పుంజు అక్కర్లేదు. పెట్టలు ఊరికే గుడ్లు పెడతాయి, పిల్లలు రావంతే. చలికాలంలో పగటి వెలుగు తగ్గితే గుడ్లూ తగ్గుతాయి, కంగారు పడకండి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి నాకు నైట్ డ్యూటీ. గూటి తలుపు నేను వేసే వెళ్లాననుకున్నారు మావారు. ఆయన వేస్తారనుకున్నాను నేను. పొద్దున ఇంటికొచ్చేసరికి గడ్డి మీద ఈకలు. నక్క! మూడింటిలో ఒక్కటే మిగిలింది. మా చిన్నది ఏడుస్తూ అడిగింది, "తలుపు ఎవరు వేయలేదమ్మా?" ఇద్దరం తల దించుకున్నాం.

కోడి ఒంటరిగా ఉండలేదని తర్వాత ఇంకో రెండు తెచ్చాం. పల్చటి చికెన్ వైర్‌ని నక్క కొరికేస్తుంది కాబట్టి గట్టి వెల్డెడ్ మెష్ వేసి, తవ్వకుండా అంచులు నేలలోకి దించాం. ఇప్పుడు ఫ్రిజ్ మీద నా డ్యూటీల పక్కనే ఇంకో వరస ఉంటుంది: గూడు. ఆ రోజు ఎవరి పేరుంటే వాళ్లు చీకటి పడగానే కోళ్లని లెక్కపెట్టి, తలుపేసి, టిక్కు పెట్టాలి.

కోళ్లు కొనేముందు మీ ఇంట్లోనూ ఆ పేర్లు రాసుకోండి. గుడ్లు ఏరడానికి అందరూ పరిగెత్తుతారు. చలిలో తలుపు వేయడానికి వెళ్లేదెవరో ముందు తేల్చుకోండి.