వీడియో ఆటలన్నీ ఒకే తాను గుడ్డలు కావు!

‘ఎందుకు ఓడినానో తెలియాల’ అంటున్న మంగంపేట ఆటగాడు

మంగంపేట (ఓబులవారిపల్లె మండలం): సెల్‌ఫోను చేతికొచ్చాక పిల్లలు చెడిపోతున్నారన్న మాట ఇప్పుడు ఏ ఊరి రచ్చబండ మీద కూర్చున్నా వినిపిస్తుంది. బేరైటీస్ గనులకు ప్రపంచంలోనే పేరుమోసిన మంగంపేట ఇందుకు మినహాయింపు కాదు. పొద్దంతా బూడిదరంగు దుమ్ములో పనిచేసి ఇల్లు చేరిన తండ్రికి, గోడకానుకుని ఫోనులో తుపాకీ పేలుస్తున్న కొడుకు కనిపిస్తాడు. ‘అదేం ఆటరా?’ అని అడిగే తండ్రులు అరుదు. ‘పారెయ్ దాన్ని’ అని కసిరేవారే ఎక్కువ.

అయితే ఆటలన్నింటినీ ఒకే గాటన కట్టడం తగదని వాదించే వ్యక్తి ఒకరు ఇక్కడ ఉన్నారు. వయసు 34 ఏళ్లు. ఇంటర్మీడియట్‌తో చదువు ఆగింది. బేరైటీస్ పొడి మిల్లులో బస్తాల లెక్క రాస్తారు. ఇద్దరు పిల్లల తండ్రి. పాతికేళ్లుగా వీడియో గేములు ఆడుతున్నారు. పేరు వేయవద్దన్న షరతు మీద ఆయన ఈ విలేకరితో మాట్లాడారు. ‘‘పేరేస్తే మిల్లులో నవ్వుతారన్నా. ఈ వయసులో వీనికి గేములేందని’’ అన్నారు.

ఆటను తూచడానికి ఆయన దగ్గర ఒకే ఒక కొలబద్ద ఉంది. ‘‘ఏ ఆటలోనైనా ఓడిపోతాం. అది తప్పదు. కానీ ఎందుకు ఓడినానో నాకు తెలియాల. తెలిస్తే రెండోసారి ఆ తప్పు చేయను. తెలియకుండా ఓడగొట్టే ఆటను మనం ఆడేది లేదు. అదే మనల్ని ఆడిస్తాది.’’

కాంట్రాతో మొదలు

ఆయన చేతికొచ్చిన మొదటి గేము ‘కాంట్రా’. జపానుకు చెందిన కొనామి కంపెనీ 1987లో దీన్ని తెచ్చింది. మన పల్లెలకు వచ్చేసరికి పదేళ్లు దాటింది. టీవీకి తగిలించే చౌకరకం పెట్టె, అందులో గుచ్చే పసుపురంగు క్యాసెట్టు, తీగతో వేలాడే రెండు మీటల పలకలు. అప్పట్లో కోడూరులో ఒక దుకాణంలో గంట లెక్కన ఆడించేవారట. ఇంట్లో ఇచ్చిన బస్సు చార్జీ దాచుకుని, సైకిళ్ల మీద వెళ్లి ఆడేవారమని ఆయన చెప్పారు.

ఇద్దరు సైనికులు అడవిలోకి దిగి శత్రువులను కాల్చుకుంటూ పోవాలి. ఒక్క తూటా తగిలితే ప్రాణం పోతుంది. ఉన్నవి మూడే ప్రాణాలు. ‘‘తూటా కంటికి కనపడుతూనే వస్తాది. ఎగరాల్నా, పడుకోవాల్నా అన్నది మన చేతిలో ఉంది. తగిలిందంటే తప్పు నాదే’’ అంటారాయన. ఒక దశలో జలపాతం పక్కనున్న బండల మీదుగా పైకి ఎక్కాలి. ఒకడు తొందరపడి ఎక్కితే తెర వానితోపాటే పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు చస్తాడు. ఆ బండల దగ్గర స్నేహితులు కొట్టుకున్న సందర్భాలు ఉన్నాయట. ‘‘పక్కవాని కోసం ఆగడం అక్కడే నేర్చుకున్నాం’’ అని నవ్వారు.

మొదట్లో మీటలను ఒక వరుసలో నొక్కితే మూడు ప్రాణాలకు బదులు ముప్పై వచ్చే కిటుకు ఆ ఆటలో ఉంది. ఆ వరుస ఎవరు ఎవరికి చెప్పారోగాని పల్లె పల్లెకూ పాకింది. ముప్పై ప్రాణాలు వచ్చాక ఆట చివరిదాకా చూశామని, అయితే చావు భయం పోయేసరికి రుచి కూడా పోయిందని ఆయన అభిప్రాయం.

యాక్షన్ గేముల్లో ఆయన మొదటి స్థానం ఇచ్చేది ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’కు. అమెరికాకు చెందిన జోర్డాన్ మెక్నర్ తయారుచేసిన ఈ ఆట 1989లో వచ్చింది. గంటలోపు రాకుమార్తెను విడిపించాలి. తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, దాన్ని చూసి మెక్నర్ బొమ్మ కదలికలు గీశారు. ‘‘ఆ రాకుమారుడు పరుగెత్తి టక్కున నిలబడలేడు. ఒకడుగు ముందుకు పోతాడు. బస్తా మోసుకుని పోయేవాడూ అంతే. అందుకే వాడు నాకు నిజం మనిషి మాదిరి కనిపించినాడు’’ అంటున్నారీ మిల్లు ఉద్యోగి.

2002లో వచ్చిన ‘జీటీఏ వైస్ సిటీ’ మీద మాత్రం ఆయనకు సదభిప్రాయం లేదు. ఊరంతా కార్లలో ఇష్టమొచ్చినట్టు తిరగడం బాగుందని ఒప్పుకుంటూనే, దారిన పోయేవాణ్ని కొట్టి డబ్బు లాక్కోవడం పసివారికి వేడుకగా మారిందని అంటారు. అది పెద్దల కోసం చేసిన ఆట. మన ఇంటర్నెట్ సెంటర్లలో ఆరో తరగతి పిల్లలు ఆడారు. ‘‘తప్పు ఆటది కాదు, ఎవరికి ఇస్తున్నామో చూసుకోని మనది’’ అని ఆయన వాదన.

ఇటుకలు, పెట్టెలు, పులిజూదం

బుర్రకు పనిపెట్టే ఆటల విషయానికి వస్తే ఆయన ముఖం వెలిగిపోతుంది. తిరునాళ్లలో అమ్మే చేతిలో ఇమిడే ఇటుకల ఆట చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని అసలు పేరు ‘టెట్రిస్’. 1984లో మాస్కోలో అలెక్సీ పాజిత్నోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టారు. బొమ్మలు గీసే శక్తి కూడా లేని కంప్యూటరు మీద, కుండలీకరణాల గుర్తులనే ఇటుకలుగా పేర్చి తొలి ఆట తయారుచేశారు. ఉన్నవి ఏడు రకాల ముక్కలే. సందు లేకుండా వరుస నిండితే ఆ వరుస మాయమవుతుంది. ‘‘మనం పేర్చింది బాగుంటే పోతాది, తప్పుగా పేర్చిందే కంటి ముందర మిగులుతాది. బస్తాల నెట్టు కట్టేవానికి ఈ ఆట చెప్పనక్కరలేదు’’ అని చమత్కరించారు.

ఆయనకు నచ్చిన మరో ఆట ‘సోకోబాన్’. ఇది 1982 నాటి జపాను ఆట. గోడౌనులో కూలివాడు పెట్టెలను వాటి వాటి గుర్తుల మీదికి చేర్చాలి. పెట్టెను నెట్టవచ్చు, లాగడం కుదరదు. మూలకు నెట్టామా, ఇక అది అక్కడే. తుపాకీ లేదు, తొందర లేదు. ఒక్కో గది దగ్గర రెండు రోజులు ఆలోచించిన సందర్భాలు ఉన్నాయని, నైట్ డ్యూటీలో బస్తాలు లెక్కపెడుతుండగా జవాబు తట్టేదని ఆయన చెప్పారు.

పాత గుళ్ల బండల మీద, రచ్చకట్టల మీద గీసిన పులిజూదం గీతలు చూసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు. మూడు పులులు, పదిహేను మేకలతో మన తాతలు ఆడింది కూడా ఇలాంటి ఆటే. ‘‘మా జేజి పులిజూదంలో నన్ను ఓడించి, ఏ మేకను తప్పు పెట్టినావో చూపించేది. టెట్రిస్ కూడా అట్లనే చూపిస్తాది’’ అన్నారు.

2012లో వచ్చిన ‘క్యాండీ క్రష్’కు ఆయన సగం మార్కులే వేశారు. మిఠాయి బిళ్లలు కలపడం సరదాగానే ఉన్నా, పైనుంచి ఏ బిళ్ల పడుతుందో మన చేతిలో లేదు. ఐదు ప్రాణాలు అయిపోతే ఒక్కోదానికి అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. ‘‘ఓపిక లేనివాని జేబులోకి చెయ్యి పెట్టే ఆట’’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

దెయ్యం ఎక్కడుంది?

విఠలాచార్య సినిమాల్లో దెయ్యాలను చూసి నవ్వుకున్న తరం మనది. వీడియో గేముల్లో దెయ్యం తీరు వేరు. సినిమాలో తలుపు తీసేది పాత్ర, ఇక్కడ తీసేది మనమే. అందుకే భయం రెండింతలని ఆయన అంటారు.

జపానులోని క్యాప్‌కామ్ సంస్థ 1996లో తెచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్’లో నడిచే శవాలకన్నా తూటాల కొరతే ఎక్కువ భయపెట్టిందట. ఉన్నవి నాలుగు తూటాలు, ఎదురుగా రెండు శవాలు. కాల్చాలా, తప్పించుకోవాలా? ఆడినంతవరకు దాచుకోవాలంటే టైపు మిషను దగ్గరికి పోవాలి, దానికి సిరా రిబ్బను ఉండాలి. ఆ రిబ్బన్లూ లెక్కే. ‘‘నెలాఖరు సంసారం మాదిరి ఉంటాది’’ అని ఆయన పోలిక. 1999లో వచ్చిన ‘సైలెంట్ హిల్’లో ఊరంతా మంచు కమ్మి ఉంటుంది. అప్పటి యంత్రం దూరపు దృశ్యాలను గీయలేక తడబడేది. ఆ లోపాన్ని మంచుతో కప్పారు. అదే ఆటకు ప్రాణమైంది. భూతం దగ్గరపడితే జేబులోని రేడియో గరగరలాడుతుంది. ‘‘గాలి తోలిన రోజు మా మిల్లు దారిలో దుమ్ము లేస్తే ఎదురొచ్చే టిప్పరు కనపడదు, చప్పుడే వినపడతాది. ఆ ఆట ఆడినాక ఆ దారిలో నడవాలంటే ఒళ్లు జలదరించింది’’ అన్నారు.

ఇప్పటి పిల్లల ఫోన్లలో ఉండే భయం ఆట ‘గ్రానీ’. 2017లో వచ్చింది. తాళాలు వేసిన ఇంట్లో ముసలమ్మ ఉంటుంది. చిన్న చప్పుడైనా పరుగెత్తుకొస్తుంది. ఐదు రోజుల్లో తాళాలు తీసుకుని బయటపడాలి. ఎందుకు పట్టుబడ్డామో స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి ఆటగా మంచిదేనని, అయితే పదేళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదని ఆయన గట్టిగా చెప్పారు. ఆయన చిన్న కూతురు దాన్ని చూసి వారం రోజులు దొడ్లోకి ఒంటరిగా పోలేదట.

వందమందిలో ఒకడు

2016లో జియో రాకతో ఇంటర్నెట్ చౌకయింది. 2018లో ‘పబ్‌జీ’ ఫోన్లలోకి దిగింది. వందమంది విమానంలోంచి దూకి, దొరికిన తుపాకీ పట్టుకుని, కుంచించుకుపోయే వలయంలో చివరి ఒక్కడిగా మిగలాలి. 2020 సెప్టెంబరు 2న కేంద్రం దీన్ని నిషేధించింది. 2021 జూలైలో ‘బీజీఎంఐ’ పేరిట తిరిగొచ్చింది, 2022 జూలైలో మళ్లీ ఆగింది, 2023 మేలో మళ్లీ మొదలైంది.

‘‘దుబాయిలో ఉన్న చిన్ననాటి స్నేహితుడితో రాత్రిపూట మాట్లాడుకుంటూ ఆడినాం. అది మరువలేను’’ అని ఆయన చెప్పారు. అయితే ఎవడు, ఏ గుట్ట చాటునుంచి కాల్చాడో చాలాసార్లు తెలియదు. తెలియలేదన్న కసితో మరో ఆట మొదలవుతుంది. అరగంట అనుకున్నది తెల్లవారుజామున రెండవుతుంది. పొద్దున షిఫ్టులో బస్తాల లెక్క తప్పిన రోజున ఆయన ఫోనులోంచి దాన్ని తీసేశారు. కాంట్రా అయిపోతుంది, ఇది అయిపోదు. అదే తేడా అని ఆయన అంటారు.

ఇది ఆట కాదు

ఆయన గొంతు మారింది పేకాట యాప్‌ల ప్రస్తావన వచ్చినప్పుడే. తనతో పనిచేసిన ఒకతను ఫోనులో రమ్మీకి అలవాటుపడ్డాడు. మొదట వందలు గెలిచాడు. తర్వాత జీతం పోయింది. భార్య మెడలోని గొలుసు కుదువకు పోయింది. ఆ గొలుసు ఇప్పటికీ ఇంటికి రాలేదు. ‘‘ముక్కలు పంచేది ఎవరో కనపడరు. అవతల కూర్చున్నది మనిషో, మిషనో తెలియదు. ఎందుకు ఓడినావురా అంటే వాడు చెప్పలేకపోయినాడు. గ్రానీ దగ్గర మూడో తరగతి పిల్ల చెప్పగలుగుతాది’’ అంటూ ఆయన కాసేపు మౌనంగా ఉండిపోయారు.

మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెం ఆటలను దేశమంతటా నిషేధించింది. అలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆడి నష్టపోయినవారిని శిక్షించే ఉద్దేశం ఆ చట్టానికి లేదు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను ఆటలుగా గుర్తించింది. అంటే ఈ మిల్లు ఉద్యోగి గీసిన గీతనే ఇంచుమించు చట్టం కూడా గీసింది.

ఇంట్లో కట్టుబాటు

డబ్బు లేని ఆటలతోనూ చిక్కు ఉందన్నది ఆయన కాదనరు. ఆట మీద అదుపు తప్పి చదువు, పని, నిద్ర పాడయ్యే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో చేర్చింది. చైనాలో 2021 నుంచి పద్దెనిమిదేళ్లలోపు వారికి ఆన్‌లైన్ ఆటలు శుక్ర, శని, ఆదివారాల్లోను, ప్రభుత్వ సెలవు దినాల్లోను రోజుకు గంట మాత్రమే.

ఆయన ఇంటి కట్టుబాటు ఇంతకన్నా సులువు. కొత్త గేము ఏదైనా ముందు తానే ఆడి చూస్తారు. డబ్బు అడిగేవి, అంతు లేనివి ఇంట్లోకి రావు. అన్నం తినేటప్పుడు పిల్లలు ఆ రోజు ఎక్కడ ఓడిపోయారో, ఎందుకో చెప్పాలి. చెప్పలేకపోతే మరునాడు ఆ ఆట లేదు. నలభై డిగ్రీల ఎండ తగ్గాక మాత్రం బయటికి పోయి ఆడాల్సిందే.

గండికోట లోయ, సిద్ధవటం కోట వంటి చోట్లు కళ్ల ముందు ఉండగా మన పిల్లలు పరాయి కోటల్లో దూకవలసి వస్తోందని ఆయన బాధ. పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ సంస్థ 2020లో మన పురాణాల ఆధారంగా ‘రాజీ’ అనే గేము తెచ్చింది. అలాంటిది తెలుగులో, రాయలసీమ నేలమీద రావాలని ఆయన కోరిక.

ఏ ఆట ఏ వయసుకు తగునో, ఏది జూదమో పాఠశాలల్లో జరిగే తల్లిదండ్రుల సమావేశాల్లో వివరించే ఏర్పాటు చేస్తే గని కార్మికుల కుటుంబాలకు మేలు జరుగుతుంది. విద్యాశాఖ అధికారులు, పంచాయతీ పెద్దలు ఈ దిశగా ఆలోచించవలసి ఉంది. అంతవరకు ఫోను లాక్కునే ముందు ‘అదేం ఆటరా?’ అని తల్లిదండ్రులు ఒక్కసారి అడిగి చూడవచ్చు.