కె. బారీ షార్ప్‌లెస్

కె. బారీ షార్ప్‌లెస్ (జననం: 1941 ఏప్రిల్ 28) అమెరికాకు చెందిన కర్బన రసాయన శాస్త్రవేత్త. ఈయన 2001లోను, 2022లోను రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. ఈ శాస్త్రంలో రెండుసార్లు ఆ బహుమతి పొందినవారు ఫ్రెడరిక్ సాంగర్, షార్ప్‌లెస్ మాత్రమే.

విద్య, ఉద్యోగం

షార్ప్‌లెస్ ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. 1963లో డార్ట్‌మత్ కళాశాల నుండి పట్టాను, 1968లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటును పొందాడు. 1970లో ఎం.ఐ.టి.లో అధ్యాపకుడుగా చేరాడు. ఆ ఏడాదే ప్రయోగశాలలో ఒక గాజు గొట్టాన్ని వెలుతురులో పరిశీలిస్తుండగా అది పేలి, ఒక కంటి చూపు పోయింది. ఆ సమయంలో ఆయన రక్షణ కళ్ళద్దాలు ధరించలేదు. ప్రయోగశాలలో వాటిని ఎన్నడూ తీయరాదని తరువాత విద్యార్థులకు బోధించాడు. 1990లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధనా సంస్థకు మారాడు.

అసౌష్ఠవ ఆక్సీకరణం

కొన్ని అణువులు కుడి, ఎడమ చేతుల వలె ఒకదానికొకటి అద్దంలోని ప్రతిబింబాలుగా ఉంటాయి. శరీరంలోని ప్రోటీనులకు కూడా ఈ గుణం ఉన్నందువలన, ఒక రూపం ఔషధంగా పనిచేస్తే రెండవది నిరుపయోగమో, హానికరమో కావచ్చు. సాధారణ సంశ్లేషణలో రెండు రూపాలూ సమానంగా తయారవుతాయి. కావలసిన రూపాన్నే తయారుచేయడం అప్పట్లో కష్టసాధ్యం.

1980లో షార్ప్‌లెస్, సుతోము కత్సుకి కలసి దీనికొక మార్గం కనుగొన్నారు. ద్విబంధానికి చేరువలో ఆల్కహాలు సమూహం గల పదార్థాలపై టైటానియం సమ్మేళనాన్ని, టార్టారిక్ ఆమ్లపు ఎస్టరును, ఒక పెరాక్సైడును ప్రయోగించారు. టార్టారిక్ ఆమ్లం చింతపండుకు పులుపునిచ్చే పదార్థమే. అది టైటానియంను అంటిపెట్టుకొని, ఆక్సిజను ద్విబంధానికి ఒక వైపు నుండి మాత్రమే చేరేటట్లు చేస్తుంది. టార్టారిక్ ఆమ్లపు ప్రతిబింబ రూపాన్ని వాడితే ఆక్సిజను రెండవ వైపు నుండి చేరుతుంది. 1986లో ఈ చర్యకు స్వల్ప పరిమాణంలో ఉత్ప్రేరకం సరిపోయే విధానం వెలువడింది. తదుపరి సింకోనా చెట్టు నుండి లభించే క్వినైన్ జాతి పదార్థాలను ఆస్మియంతో జతచేసి, ద్విబంధానికి రెండు హైడ్రాక్సిల్ సమూహాలను చేర్చే పద్ధతిని రూపొందించాడు.

ఈ కృషికి 2001 నోబెల్ బహుమతిలో సగభాగం ఈయనకు లభించగా, మిగిలిన సగాన్ని విలియం నోల్స్, ర్యోజి నొయోరి పంచుకొన్నారు.

క్లిక్ రసాయన శాస్త్రం

2001లోనే హార్ట్‌మూత్ కోల్బ్, ఎం.జి. ఫిన్‌లతో కలసి "క్లిక్ రసాయన శాస్త్రం" అనే భావనను ప్రతిపాదించాడు. క్లిష్టమైన అణువులను అనేక దశలలో నిర్మించుటకు బదులు, చిన్న భాగాలను వేగంగా, వ్యర్థ పదార్థాలు మిగలకుండా అతికించడం దీని ఆశయం. 2002లో ఈయన బృందం, డెన్మార్కులో మోర్టెన్ మెల్డాల్ బృందం వేర్వేరుగా ఇందుకు అనువైన చర్యను ప్రకటించాయి. రాగి ఉత్ప్రేరకం సమక్షంలో అజైడు, ఆల్కైను కలసి ట్రయజోల్ వలయం ఏర్పడుతుంది. అయితే రాగి జీవకణాలకు విషం. రాగి లేకుండానే జీవకణాలలో ఇట్టి చర్యను జరిపించినది కెరొలిన్ బెర్టోజీ. 2022 నోబెల్ బహుమతిని ఈ ముగ్గురూ సమానంగా పంచుకొన్నారు.

ఔషధాల అన్వేషణలోను, కణాలలోని అణువులను గుర్తించుటకును, కొత్త పాలిమర్ల తయారీలోను ఈ పద్ధతులు నేడు ఉపయోగపడుతున్నాయి.