మీకు తెలుసా? గాలి దారిన టీవీకి పెళ్లి వీడియో

మండపంలో కెమెరా తీస్తున్న దృశ్యం భోజనాల హాల్లోని నాలుగు టీవీల్లో కనిపించాలంటే నాలుగు రిసీవర్లు కొనక్కర్లేదు. కెమెరా హెచ్‌డీఎంఐ సాకెట్‌కు ఒక ట్రాన్స్‌మిటర్, టీవీల దగ్గర ఒకే రిసీవర్, దానికి ఒక స్ప్లిటర్ చాలు. అక్కడి నుంచి మామూలు కేబుళ్లే. ఇంటర్నెట్ అసలు అక్కర్లేదు.

కుదించని ఫుల్ హెచ్‌డీ వీడియో, సెకనుకు 60 ఫ్రేముల లెక్కన, ప్రతి సెకనుకూ దాదాపు 3 గిగాబిట్లు. చవక పరికరాలు దాన్ని కొన్ని మెగాబిట్లకు కుదించి, ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్ వైఫై తరంగాల మీద పంపుతాయి. కుదించి, మళ్లీ విప్పేసరికి తలంబ్రాలు టీవీలో రెప్పపాటు ఆలస్యంగా పడతాయి. వేరే హాల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. వేదిక పక్కనే టీవీ పెడితే మాత్రం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

అసలు చిక్కు జనంతోనే. మన ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చేస్తుంది. ఖాళీ హాల్లో చక్కగా వచ్చిన బొమ్మ, బంధువులంతా రాగానే తెగిపోవచ్చు. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండింటినీ తలలకంటే ఎత్తులో, మధ్యలో స్తంభం అడ్డు రాకుండా బిగించండి. వెనక కూర్చున్న అమ్మమ్మ కూడా తాళి కట్టడం చూడాలి కదా! ముహూర్తానికి ముందే కెమెరా మెనూలో హెచ్‌డీఎంఐ సమాచార ప్రదర్శన ఆపేయండి. లేకపోతే బ్యాటరీ గుర్తు కూడా టీవీల్లో కనిపిస్తుంది.