కవల గర్భం: ముందుగా అడగవలసిన ప్రశ్న



కడుపులో కవలలున్నారని తెలిసిన రోజు మా ఇంట్లో పండుగే. "దిష్టి తగులుతుంది, అప్పుడే ఎవరికీ చెప్పకమ్మా" అని మా అత్తగారు ఫోనులో హెచ్చరించారు. డాక్టరుగారు మాత్రం స్కానింగ్ తెర మీద పిల్లలిద్దరి మధ్య ఉన్న పొరను చాలాసేపు చూసి, "మాయ ఒక్కటే" అన్నారు. ఆ మాట బరువు నాకప్పుడు తెలియలేదు.

కవలలనగానే ఒకే పోలికా కాదా అని మనం అడుగుతాం. వైద్యులకు ముఖ్యమైనది మాయ ఒకటా, రెండా అన్నది. రెండైతే ఎవరి రక్తం వారిదే. ఒకటే అయితే అందులో ఇద్దరి రక్తనాళాలూ కలిసిపోయి ఉంటాయి. ఇది 11 నుంచి 14 వారాల మధ్య స్కానింగులో బాగా తెలుస్తుంది. రెండు మాయలుంటే పొర మొదలు త్రికోణంలా మందంగా కనిపిస్తుంది. ఒకటే అయితే సన్నని గీతలా వచ్చి కలుస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఈ తేడా పట్టుకోవడం కష్టం.

ఒకే మాయ ఉన్న నూరు కవల గర్భాల్లో 10 నుంచి 15 గర్భాల్లో ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా పోతుంది. ఇచ్చే బిడ్డ చుట్టూ ఉమ్మనీరు తగ్గిపోతుంది. పుచ్చుకునే బిడ్డ గుండె మీద భారం పడుతుంది. అందుకే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్ చేస్తారు. మాకు 19వ వారంలో బయటపడింది.

మా ముందు మూడు దారులు పెట్టారు. మొదటిది, ఏమీ చేయకుండా చూడడం. రెండవది, సన్నని గొట్టం లోపలికి పంపి, కలిసిన రక్తనాళాలను లేజరుతో మూసివేయడం. మూడవది, ఒక బిడ్డ బొడ్డుతాడులో రక్తప్రసారం ఆపి, రెండో బిడ్డను కాపాడుకోవడం.

"దేవుడి మీద భారం వేద్దాం" అన్నాను. మా వారు ఏమీ అనలేదు. డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు: "ఒక బిడ్డ తనంతట తాను పోతే, రెండో బిడ్డ రక్తం అటు జారిపోయి మెదడు దెబ్బతినవచ్చు." అంటే ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమేనన్నమాట.

2004లో వెలువడిన ఐరోపా అధ్యయనంలో, లేజరు చేయించుకున్న నూరుమందిలో 76 మందికి కనీసం ఒక బిడ్డ దక్కింది. ఉమ్మనీరు తీసే పాత పద్ధతిలో 56 మందికే. మేము లేజరుకే ఒప్పుకున్నాం. ఒక బిడ్డ దక్కలేదు. దక్కిన పాపకు ఇప్పుడు ఆరేళ్ళు.

ఇక చట్టం సంగతి. సింగపూరులో గర్భస్రావానికి మామూలుగా 24 వారాలే గడువు. ఆ తరువాత తల్లి ప్రాణానికి గానీ ఆరోగ్యానికి గానీ తీవ్రమైన ముప్పు ఉంటేనే అనుమతి. ముందు కౌన్సెలింగు జరగాలి, ఆపైన 48 గంటలు ఆగాలి. ఇండియాలో 2021 సవరణ తరువాత, శిశువులో తీవ్రమైన లోపం ఉన్నట్లు మెడికల్ బోర్డు తేల్చితే వారాల గడువు లేదు. కానీ రక్తం పంపకంలో తేడా వచ్చినప్పుడు విమానం టిక్కెట్టు కోసం ఆగే వ్యవధి ఉండదు. ఇక్కడే కేకే, నేషనల్ యూనివర్సిటీ ఆసుపత్రుల్లో గర్భస్థ శిశువుల నిపుణులున్నారు.

ఇలాంటి కష్టం వచ్చిన ఇంటికి వెళితే ఏ దారి మంచిదో మనం చెప్పవద్దు. లేజరు వద్దన్నవారూ, గర్భం వద్దనుకున్నవారూ బిడ్డ మీద ప్రేమ లేక అలా చేయరు. వంట చేసి పెట్టండి, పెద్దపిల్లలను బడికి తీసుకెళ్ళండి. కవలలని తెలిసిన చెల్లెళ్ళకు మాత్రం ఒక్క మాట చెప్పండి: మొదటి స్కానింగులోనే, మాయ ఒకటా రెండా అని అడగమనండి. మాకు ఆలోచించుకునే నాలుగు రోజులు ఇచ్చింది ఆ జవాబే.