చీమల ఆమ్లము - విద్యుచ్ఛక్తి

మామిడికొమ్మపై ఆకులను కలిపి గూడు కట్టుకొను ఎర్రచీమలను కదిపినవారికి ఫార్మిక్ ఆమ్లమును పరిచయము చేయనక్కరలేదు. ఆ చీమలు చిమ్ము ఘాటైన ద్రవములో ఉన్నది అదియే. చీమలనుండి దానిని స్వేదనముచే రాబట్టిన వృత్తాంతమును ఇంగ్లండు ప్రకృతిశాస్త్రజ్ఞుడు జాన్ రే 1671లో ప్రకటించెను. నేడు కర్మాగారములలో తయారగుచున్న ఈ ఆమ్లమును రబ్బరుపాలు గడ్డకట్టించుటకును, తోళ్ళ పరిశ్రమలోను వాడుచున్నారు. దీనినుండి విద్యుత్తును తీసి చేతిరేడియోవంటి చిన్న సాధనములను నడపవచ్చునను ఆశకూడ కలదు. ద్రవము గనుక, హైడ్రోజనువలె దీనిని గట్టి ఒత్తిడితో సిలిండరులో బంధించనక్కరలేదు.

ఇంధన ఘటమను సాధనములో తగిన లోహముపై పడినప్పుడు ఫార్మిక్ ఆమ్లపు అణువు తన రెండు హైడ్రోజనులను వదలి బొగ్గుపులుసు వాయువుగా మారును. విడివడిన రెండు ఎలక్ట్రానులు తీగవెంబడి ప్రవహించును. సిద్ధాంతరీత్యా ఒక్కొక్క ఘటము సుమారు 1.4 వోల్టులు ఈయవలెను. ఆచరణలో అంత రాదు. చిక్కంతయు ఆ లోహమువద్దనే, అనగా తాను ఖర్చుగాక క్రియను త్వరపెట్టు ఉత్ప్రేరకమువద్దనే, ఉన్నది.

ప్లాటినముపై ఈ అణువు రెండు దారులలో నడచును. కాపన్, పార్సన్స్ అను రసాయనశాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించిన వ్యాసములలో ఈ సంగతిని విశదీకరించిరి. ఒకటి పైన చెప్పిన తిన్నని దారి. రెండవదానిలో అణువునుండి నీరు విడిపోయి కార్బన్ మోనాక్సైడు మిగులును. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినవారి ప్రాణము తీయునది ఈ వాయువే. నెత్తుటిలోని ఇనుమును పట్టుకొని వదలదు. ప్లాటినమునుకూడ అట్లే పట్టుకొనును. కొద్దిసేపటికి లోహపు పైభాగము దానితో నిండిపోయి, కొత్త అణువులకు చోటు దొరకదు.

దీనికి కనుగొనిన ఉపాయము వింతగా నుండును. ప్లాటినముపై అక్కడక్కడ బిస్మతు పరమాణువులను చేర్చుదురు. బిస్మతు స్వయముగ ఈ పని చేయదు. పైగా ప్లాటినపు చోటును కొంత ఆక్రమించును. అయినను విద్యుత్ప్రవాహము అనేక రెట్లు పెరుగును! కారణమేమన, ఆ విషవాయువు పుట్టుటకు ప్రక్కప్రక్కన గుంపుగా చేరిన ప్లాటినపు పరమాణువులు కావలెను. తిన్నని దారికి అంత గుంపు అక్కరలేదు. నడుమ బిస్మతు కూర్చుండుటతో గుంపు చెదరిపోవును. చోటు తగ్గించి పని పెంచుట! ఈ విషయమంతటిలో మాకు ముచ్చటగొలిపినది ఇదియే. పల్లాడియముపై ఈ బెడద చాల తక్కువ. కాని అదియు కాలము గడచుకొలది నీరసించును, ఆమ్లములో కొంత కరిగియు పోవును.

ఇవి అరుదైన లోహములు, ప్రియమైనవి. క్రియ జరుగునది పైభాగముననే గనుక దిమ్మెలుగా వాడుట దండుగ. ఒక సెంటీమీటరు ఘనమునకు పైభాగము 6 చదరపు సెంటీమీటర్లు. మీటరులో నూరుకోట్లవ వంతు నానోమీటరు. ఆ ఘనమునే 10 నానోమీటర్ల ఘనములుగా తరిగినచో పైభాగము 600 చదరపు మీటర్లగును. అనగా 700 గజములకు పైబడిన ఇంటిస్థలమంత. ప్లాటినమయినను దాని తూకము రెండు తులములు లేదు. ఇట్టి నానోకణములను కార్బను పొడిపై నిలుపుదురు.

పలుచని పొర మరియొక మార్గము. బంగారముపై పల్లాడియమును ఒక్క పరమాణువు మందమున పరచవచ్చును. అడుగునున్న బంగారము పై పరమాణువులను కొంచెము ఎడముగ లాగుటచే, అవి అణువులను పట్టు బిగువు మారును. ఏ అమరిక ఏ పని చేయునో ఇట్టి చదునైన పొరలపై తేల్చుకొనుట పరిశోధకులకు సులభము.

కణములతో తంటాలు లేకపోలేదు. పనిచేయుచుండగా అవి చారుపై తేలు నూనెచుక్కలవలె ఒకదానితో ఒకటి కలసి పెద్దవగును. బిస్మతు క్రమముగా జారిపోవును. మొదటి నిముషమున గొప్ప ప్రవాహము చూపిన ఉత్ప్రేరకములు పెక్కు, గంటలు గడచుసరికి చతికిలబడుచున్నవి. ఇంధన ఘటమో, నెలల తరబడి నడవవలెను.